మెల్బోర్నుకూ పులివెందులకూ మధ్య ఒక గుండు

మెల్బోర్న్ వెళ్దామని సంచీ సర్దుకుని జమ్మలమడుగులో తేలినవాడు ఆంధ్రదేశంలో నేనొక్కణ్ణే అయివుంటాను. నమ్మనివాళ్లు మా తెనాలి వచ్చి మా ఆవిణ్ణి అడగవచ్చు. ఆమె నా మాట ఏదీ నమ్మదు గాని, ఇది మాత్రం కాదనదు. ప్రయాణానికి చేగోడీలు చేసిచ్చింది ఆమే.

ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల యాభై ఆరులో, లోకానికి పోటీల పిచ్చి పట్టింది. ఏడాది మొదట్లో ఇటలీలో మంచు మీద జారే పోటీలు. నడుమ స్వీడన్‌లో గుర్రాల పోటీలు. చివర మెల్బోర్న్‌లో ఒలింపిక్స్. ఆ గుర్రాల పోటీలూ ఒలింపిక్స్‌లోవే. కాని పరదేశపు గుర్రం తమ నేల మీద గిట్ట మోపడానికి వీల్లేదన్నారు ఆస్ట్రేలియా వాళ్లు. అందుకని గుర్రాలకు ఒక ఖండంలో, మనుషులకు మరో ఖండంలో జరిపారు. ఇది పత్రికలో చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. ముప్పయ్యేళ్లుగా కష్టపడి కల్పించిన నా కథల్లో ఒక్కటీ దీనికి సాటి రాదు.

హాకీలో మనవాళ్లు పాకిస్తాన్ మీద ఒకే ఒక్క గోలుతో గెలిచి బంగారు పతకం పట్టుకొచ్చారు. రేడియోలో ఆ వార్త విన్నాక నాకు కాలు నిలవలేదు. ఓడ టిక్కెట్టు విచారించాను. మా ఇల్లు అమ్మితే పోవడానికి సరిపోతుందనీ, తిరిగి రావడానికి ఇంకో ఇల్లు కావాలనీ తేలింది. ఈలోగా ఒలింపిక్స్ అయిపోయాయి. సర్దిన సంచీ విప్పడం నాకు చేతకాదు. రాష్ట్రం పేరు మారి అప్పటికి నెలన్నర. పెరిగిన రాష్ట్రంలో నేను చూడని జిల్లా ఏదైనా చూద్దామనుకుని కడప జిల్లాకు టిక్కెట్టు కొన్నాను. సంచీలో రెండు పంచెలు, చేగోడీలు, ఒలింపిక్స్ విశేషాలన్నీ పడిన పత్రిక ఒకటి.

రాళ్ల దేశం

ఎర్రగుంట్లలో రైలు దిగి ప్రొద్దుటూరు బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తూ తెరిచిన నోరు మూయడం మరిచిపోయాను. కడప జిల్లా దుమ్ము నాలోకి ప్రవేశించింది అలాగే.

మా డెల్టాలో కుక్కను అదిలించడానికి రాయి కావాలంటే రైలుకట్ట దాకా నడవాలి. ఇక్కడ ఇంటి గోడ బండ, ఇంటి కప్పు బండ, పశువుల తొట్టి బండ, కూర్చునే అరుగు బండ, చేనుకు కంచె కూడా నిలువునా పాతిన బండలే. దారి పక్కన ఒకాయన గోతిలో కూర్చుని నేలను పుస్తకంలో పేజీల్లాగా ఒక్కొక్క పొరే విడదీస్తున్నాడు. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టేసరికి ఆరడుగుల పలక అప్పడంలా లేచి వచ్చింది. ఇది అతిశయోక్తి కాదు. అతిశయోక్తి వచ్చినప్పుడు నేనే చెబుతాను.

పక్క సీట్లో ముసలాయన నన్ను పలకరించాడు.

"యాడ్నించి వస్తాండావు సామీ?"

"తెనాలి నుంచండీ."

"మీ పక్క ఇండ్లు దేంతో కడతారు?"

"ఇటుకతో కడతాం. లేనివాళ్లు మట్టితో, తాటాకుతో."

"రాయి?"

"మా దగ్గర రాయి లేదండీ."

ఆయన నా చేతి మీద చేయి వేశాడు. మా ఇంట్లో ఎవరో పోయారని విన్నవాడిలాగా "అయ్యో" అన్నాడు.

ప్రొద్దుటూరు: అణా కాఫీ మీద ఒక అబద్ధం

ప్రొద్దుటూరులో ఒక వీధి పొడుగునా పత్తి, దాని వెనక వీధి పొడుగునా బంగారం. తెల్లటి పత్తి పోగుల మీద నుంచి గాలి వీస్తే బంగారం కొట్ల గుమాస్తాల మీసాల మీద నూగు వాలుతుంది. ఊరికి ఊరే ముసలిదైపోయినట్టు కనబడుతుంది, గాలి ఆగగానే మళ్లీ పడుచుదవుతుంది. (ఇందులో ఒక పాలు అతిశయోక్తి.)

సుబ్బరాయుడి హోటల్లో కూర్చున్నాను. కాఫీ అణా. తడిపిన బొరుగులకు తాలింపు పెట్టి ఉగ్గాని అని పెడతారు, పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు బజ్జీలో మిరపకాయ పేరుకు ఉంటుంది. ఇక్కడ మిరపకాయే యజమాని, పిండి దానికి కప్పిన తుండుగుడ్డ. ఒకటి తిని రెండు చెంబుల నీళ్లు తాగాను. సుబ్బరాయుడు జాలిగా చూసి "నీళ్లు కాదప్పా, ఇంకొకటి తిను, తగ్గుతాది" అన్నాడు. తిన్నాను. తగ్గలేదు.

మంట మరిపించుకోవడానికి పత్రిక తీసి ఒలింపిక్స్ సంగతులు పైకి చదివి వినిపించాను. చుట్టూ పదిమంది చేరారు. నిజాలన్నీ వరసగా చెప్పాను, ఒక్కటీ నమ్మలేదు వాళ్లు.

"మంచు మీద జారితే పోటీ ఏంది సామీ? అది కింద పడటం గదా!"

"గుర్రాలకొక దేశం, మనుసులకొక దేశమా? మేం అంత తెలివితక్కువోళ్ల మాదిరి కనపడతాండామా?"

నాకు పౌరుషం వచ్చింది. నిజం చెల్లని చోట ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. పత్రికలో బరువులెత్తే పోటీ సంగతి ఉంది. అమెరికా బలశాలి ఒకడు మూడు రకాల ఎత్తుల్లోనూ ఎత్తిన బరువులన్నీ కలిపి పదకొండు వందల రెండు పౌన్లయ్యాయని రాశారు. మణుగుకు పాతిక పౌన్లు, ఎనిమిది వీశెల చొప్పున మన లెక్కలో ఇంచుమించు నలభై నాలుగు మణుగులు. నేను పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, "అమెరికా వాడొకడు నలభై నాలుగు మణుగులు ఒక్క ఎత్తున నెత్తి మీదికి లేపాడు" అన్నాను. మూడు ఎత్తుల్ని ఒకటి చేశాను, అంతే. నా లెక్కలో అది అబద్ధం కూడా కాదు, కూడిక.

వెంటనే నమ్మారు. నమ్మి, పెదవి విరిచారు.

"నలభై నాలుగేనా?" అన్నాడు సుబ్బరాయుడు. "జమ్మలమడుగు గుండు నూరు మణుగుల రాయి. దస్తగిరి మేస్త్రీ ఏడాదికొకసారి భుజానికి ఎత్తి యెనక్కి యేస్తాడు."

నేను వెల్లబోయాను. కోతలు కోసి బతికేవాడికి తనను మించిన కోత ఎదురైతే కలిగే భక్తి ఇంకెవరికీ అర్థం కాదు.

మూలబెంచీ మీద నల్ల కంబళి భుజాన వేసుకున్న మనిషి ఒకాయన కిసుక్కున నవ్వాడు. పేరు ఓబులేసు. తొండూరులో గొర్రెలు మేపుతాడు, సంతకొచ్చాడు. "నూరు మణుగులని ఎవురు తూచినారప్పా? మా దస్తగిరి మామ నాయన జెప్పినాడు, ఆయనకు వాళ్ల నాయన జెప్పినాడు. మేం తొండూరోళ్లం అడిగితే మాత్రం మొగం తిప్పుకుంటారు" అన్నాడు. మర్నాడు తాను జమ్మలమడుగు మీదుగా పోతున్నాననీ, కావాలంటే నాకు గుండునూ గుండెత్తే మనిషినీ చూపిస్తాననీ అన్నాడు.

లేచేటప్పుడు పత్రిక కోసం చూస్తే బల్ల మీద లేదు. సుబ్బరాయుడు దాన్ని చింపి బజ్జీలు పొట్లాలు కడుతున్నాడు. బరువులెత్తిన అమెరికా వాడు నా కళ్ల ముందే నాలుగు బజ్జీలతో ఎవరి ఇంటికో వెళ్లిపోయాడు.

జమ్మలమడుగు: తూచకూడని రాయి

పెన్న గట్టునే వెళ్లాం. ఏరంటే నీళ్లుండాలనేది మా డెల్టావాళ్ల మూఢనమ్మకం. ఇక్కడ ఏరు నిండా ఇసుకే. ఇసుకలో చెలిమ తోడి చిప్పతో కడవ నింపుకుంటున్నారు ఆడవాళ్లు. ఆ నీళ్లు తాగి చూశాను. కృష్ణ కాలవ పక్కన పుట్టినవాణ్ణి చెబుతున్నాను, అంత తియ్యటి నీళ్లు ఎరగను. పడమట గండికోట కొండలు ఎర్రగా, ఎవరో కత్తితో నిలువుగా కోసి పెట్టినట్టున్నాయి.

పీర్ల చావిడి ముందు నేల మీద ఉంది గుండు. నల్లగా, గుండ్రంగా, ఎన్నో తరాల ఛాతీలకు రాసుకుని నూనె పట్టించినట్టు నున్నగా ఉంది. చేత్తో పట్టుకోడానికి ఒక అంచు లేదు, ఒక గంటు లేదు. ఏటా పీర్ల పండగనాడు ఒక్కసారి దాన్ని ఎత్తుతారు. ఎత్తినవాడే ఆ ఏడాదికి పత్తిమిల్లు హమాలీలకు మేస్త్రీ. ఎరుపు తలగుడ్డ అతనిది. ఎత్తలేని ఏడు ఆ తలగుడ్డ గుండు మీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. దస్తగిరి పందొమ్మిదేళ్లుగా తప్పుకోలేదు.

నేను రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. వచ్చింది నెరిసిన గడ్డం, సన్నటి నడుము, నలభై ఎనిమిదేళ్ల సామాన్యుడు. టీ గ్లాసు కూడా పిట్టపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకుంటాడు. బరువు తెలిసిన చేతికి తేలికా తెలుస్తుంది కాబోలు.

ఓబులేసు వచ్చీరాగానే అందుకున్నాడు. "మామా, అమెరికాలో ఎవురో నలభై నాలుగు మణుగులు ఎత్తినాడంట. ఈ సామి జెప్తాండాడు."

దస్తగిరి మొహం వెలిగిపోయింది. "నలభై నాలుగా? శానా మంచిది. వయసెంత సామీ?"

"ఇరవై పైన ఉంటుందండీ."

"చిన్నోడు. ఇంకా ఎత్తుతాడులే, నూరు దాకా వస్తాడు" అని ఆశీర్వదించాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నా నాలుక ఊరుకోదు. "ఇంతకీ మీ గుండు నూరో కాదో తూస్తే తెలిసిపోతుంది కదండీ" అన్నాను.

చావిడి ముందు పదిహేనుమంది హమాలీలు కూర్చునివున్నారు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. దస్తగిరి భార్య కాసింబీ గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి, "గుండును తూచేది యాడన్నా ఉండాదా అప్పా? తూచేది అమ్మేదాన్ని. ఎత్తేదాన్ని ఎవురు తూస్తారు? నీ బిడ్డను ఎత్తుకునే ముందు కాటాకేస్తావా నువ్వు?" అంది.

ఆ ఊళ్లో పత్తికి ఒక కాటా, శెనక్కాయలకు ఒక కాటా, మిరపకాయలకు ఒక కాటా. పొద్దున లేచింది మొదలు తూకం తప్ప పనిలేని మనుషులు. ఆ ఒక్క రాతిని మాత్రం ఎన్నడూ తూకానికి పెట్టలేదు.

కాని హమాలీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఓబులేసు ఊరుకుంటాడా? "భయమైతే వద్దులే మామా" అన్నాడు.

దస్తగిరి లేచాడు. గొంతు పెంచలేదు. "తూచుదాం. మా ఊరి కాటా మీద కాదు, మా ఊరి చేతుల్తో కాదు. పులివెందుల శెనక్కాయల మిల్లులో కొత్త నేలకాటా ఉండాదంట గదా, ఆడికి తీసకపోదాం. అమెరికా ఆయప్ప ఎత్తినదానికంటే వీశె తక్కువైనా సరే, ఈ తలగుడ్డ గుండు మీద పెడతా. మళ్ల మేస్త్రీని కాను. మళ్ల గుండు ముట్టను."

కాసింబీ చేట గుమ్మంలో పెట్టేసి బయటికి వచ్చింది.

మాది వడ్ల వ్యాపారం. బస్తాను కంటితో చూసి తూకం చెప్పడం నాకు అన్నం పెట్టే విద్య. ఆ రాతి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ఎంత సాగదీసినా పదిహేను మణుగులు మించదు. నా కూడిక ఒక మనిషి తలగుడ్డ తీయించబోతోందని అప్పుడర్థమైంది.

గుండుతో ప్రయాణం

మర్నాడు తెల్లారి గుండును బండికెక్కించారు. బండలతో వాలుకట్ట కట్టి, గునపాలు వేసి, ఎనిమిదిమంది నానా తిప్పలూ పడితే గాని ఎక్కలేదు. ఒకడి వేలు నలిగింది. ఇంతా చేసి దాన్నే ఈ బక్కమనిషి ఒక్కడూ ఎత్తుతాడు! గడ్డి పరిచి, పెళ్లికూతురికి కప్పినట్టు ఓబులేసు తన కంబళి కప్పాడు. ముద్దనూరు మీదుగా రెండురోజుల దారి. ముందు బండి, వెనక మేం.

దస్తగిరి బండెక్కలేదు. "ఎద్దులకు గుండు బరువు సాలదా, నేనొకణ్ణా" అని పక్కనే నడిచాడు. గతుకు వచ్చినప్పుడల్లా చేయి చాపి రాతిని పట్టుకునేవాడు, అది పడిపోతుందని కాదు, దానికి దెబ్బ తగులుతుందని.

నడుస్తూ నన్ను అడిగిన ప్రశ్నలు ఇవీ:

"ఆ అమెరికా ఆయప్ప గుండెత్తే ముందు ఏం తింటాడు సామీ?"

"ఎవుర్ని తల్చుకుంటాడు?"

"ఎత్తినంక రొమ్ములో నొప్పి వస్తాదా? నాకు మూడు దినాలు వస్తాది. ఆయప్పకు వస్తే నూగులనూనె కాచి పూసుకోమని రాస్తావా?"

పోటీ లేదు, అసూయ లేదు. భూమికి ఆ చివరన తనలాంటివాడు ఇంకొకడున్నాడని అతనికి సంబరం. ఇన్నాళ్లకు ఒక తోడు దొరికినట్టుంది. ముప్పయ్యేళ్లలో నా కథలు విని నవ్వినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. కథలోని మనిషికి నూగులనూనె, అంటే మా నువ్వులనూనె, పూసుకోమని చెప్పినవాడు లేడు.

తొండూరు: సంగటి ముద్ద, ఒప్పుకోలు

తొండూరులో ఓబులేసు ఇంటి ముందు ఆగాం. దొడ్డినిండా గొర్రెలు, ఆకాశంలో మబ్బంతా దిగి అక్కడ మేస్తున్నట్టు. ఓబులేసు భార్య రాగిసంగటి ముద్దలు పెట్టింది, నా గుప్పిటికి రెట్టింపు ఒక్కొక్కటి. పక్కన శెనక్కాయల ఊరిమిండి, అంటే పచ్చడి. నేను సంగటి నమలసాగాను. అది నన్ను నమలసాగింది. అంగిటికి ఒక తునక, పళ్లకు ఒక తునక అంటుకుని మాట పడిపోయింది. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్న గడియ అదొక్కటే.

"నమిలేది కాదప్పా, మింగేది!" అని ఆమె పకపకా నవ్వింది. "మీ పక్క కూడు తినను గూడా నేర్పరా?"

మింగాను. గొంతు దిగిన ముద్ద కడుపులో దీపం పెట్టినట్టు కూర్చుంది. ఆ ధైర్యంతోనే అసలు సంగతి బయటపెట్టాను.

"మేస్త్రీ గారూ, ప్రొద్దుటూరులో నేను చెప్పింది అబద్ధం. ఆ అమెరికా వాడు ఒక్కసారి ఎత్తలేదు. మూడుసార్లు ఎత్తాడు. మూడూ కలిపితే నలభై నాలుగు మణుగులు."

దస్తగిరి ముద్ద తుంచుతున్న చేయి ఆపి నన్ను చూశాడు. ఓబులేసు మాత్రం తొడ చరిచి నవ్వాడు.

"చూస్తివా మామా! నిన్ను చూసి మనసు కరిగి, అబద్ధం చెప్తాండాడు పాపం. మూడెత్తులు కలిపి ఒక లెక్క చెప్పే పోటీ యాడన్నా ఉండాదా? మూడు బావుల లోతు కలిపి ఒకే బావి అని చెప్తారా?"

"నిజం ఓబులేసూ! పత్రికలో ఉంది!"

"యాడుండాది పత్రిక?"

పత్రిక ప్రొద్దుటూరు బజ్జీల నూనె పీల్చుకుని ఏ పొయ్యిలో ఉందో. గుర్రాల సంగతిలాగే ఈ నిజానికీ చెల్లుబాటు లేదు.

దస్తగిరి మెల్లగా అన్నాడు. "జాలితో చెప్పే మాట నాకొద్దు సామీ. కాటా మీద ఎంతుంటే అంత."

పులివెందుల: నేలకాటా

మిల్లు ముందు శెనక్కాయల పోగు మేడ ఎత్తున ఉంది. ఎండకు దాని వాసనే కడుపు నింపుతోంది. గుండు వచ్చిందని తెలిసి హమాలీలు, తూర్పారబట్టే ఆడవాళ్లు, సంతకొచ్చినవాళ్లు అంతా చేరారు. పులివెందుల హమాలీలు పదిమంది గుండును దించి కాటా పలక మీదికి దొర్లించారు. జమ్మలమడుగు చేయి ఒక్కటీ పడలేదు. దస్తగిరి అటు చూడకుండా నిలబడ్డాడు.

గుమాస్తా కడ్డీ మీద తూకపు గుండీని జరిపాడు. వెనక్కి జరిపాడు. ఇంకా వెనక్కి జరిపాడు. అతడు వెనక్కి జరిపినకొద్దీ నా గుండె కిందికి జారింది.

"మూడువందల అరవై తొమ్మిది పౌన్లు" అన్నాడు. "మన లెక్కలో పద్నాలుగు మణుగుల ఆరు వీశెలు."

ఎవరూ నవ్వలేదు. అది నాకు వింతగా తోచింది. ఓబులేసు కూడా నవ్వలేదు. వాడి కళ్లలో ఏదో పోగొట్టుకున్న చూపు. జమ్మలమడుగు గుండు నూరు మణుగులు కాకపోతే, ఇన్నేళ్లుగా దాన్ని వెక్కిరిస్తూ వచ్చిన తొండూరువాళ్లకు ఇక ఎగతాళి చెయ్యడానికి ఏమీ మిగలదు కదా.

దస్తగిరి తలగుడ్డ విప్పాడు. నాలుగు మడతలు పెట్టాడు. గుండు మీద పెట్టబోతూ ఆగి, నా వైపు తిరిగాడు.

"సామీ, ప్రొద్దుటూరులో ఒకటి జెప్పినావు. తొండూరులో ఒకటి జెప్పినావు. ఏది నిజం?"

ఒట్లు పెట్టుకోవడం నాకు కొట్టినపిండి. తల్లిమీద, తండ్రిమీద, లేని పిల్లలమీద ఒట్లు పెట్టినవాణ్ణి. ఆ పూట ఒక్క ఒట్టూ నోటికి రాలేదు. "తొండూరులో చెప్పింది" అన్నాను, అంతే.

అతను నా కళ్లలోకి చాలాసేపు చూశాడు. పందొమ్మిదేళ్లు ఆ రాతిని చూసినట్టే చూశాడనుకుంటాను, పట్టు ఎక్కడ దొరుకుతుందా అని. తర్వాత తలగుడ్డ ఓబులేసు చేతికిచ్చాడు.

"అయితే మూడుసార్లు ఎత్తుతా."

"మామా, వద్దు!" అన్నాడు ఓబులేసు. ఈసారి ఎగతాళి లేదు. "ఏడాదికొకసారి ఎత్తేదానికే మూడు దినాలు పడుకుంటావు. ఈయప్ప మాట పట్టుకుని నడుం విరగ్గొట్టుకుంటావా? ఈయప్ప నోటికి నిజం వస్తాదని నీకు ఎవురు జెప్పినారు?"

"ఎవురూ జెప్పలా. గమ్మునుండు" అన్నాడు దస్తగిరి.

గుండును నేల మీదికి దొర్లించారు. మట్టి చేతులకు రాసుకున్నాడు. కూర్చుని రెండు చేతులా రాతిని చుట్టాడు, చెవి ఆనించి ఏదో వింటున్నట్టు ఒక క్షణం ఉండిపోయాడు. మొదట తొడల మీదికి వచ్చింది. అక్కణ్ణుంచి పొట్ట మీదికి, రొమ్ము మీదికి పాకింది. లేచి నిలబడ్డాడు. "యా అలీ" అన్న కేకతో రాయి భుజానికెక్కింది. వెనక్కి వదిలాడు. పడ్డచోట నేల కంపించింది, శెనక్కాయల పోగు జలజలా జారింది. ఇది అతిశయోక్తి కాదు.

"ఒకటి" అన్నారు జనం.

రెండోసారి లేచినప్పుడు మెడనరాలు తాళ్లలా తేలాయి. ముక్కులోంచి నెత్తురు ఒక చుక్క గడ్డం మీద పడింది. రాయి వెనక పడింది. గుమాస్తా ఒక్కడే లెక్క తప్పకూడదని "రెండు" అన్నాడు మెల్లగా.

మూడోసారి తొడల మీదికి వచ్చి ఆగిపోయింది. దస్తగిరి కళ్లు మూసుకున్నాడు. కాళ్లు వణుకుతున్నాయి. వదిలెయ్ అని అరవాలనుకున్నాను. ఎవరైనా అరిస్తే బాగుండుననుకున్నాను. ఆ రాయి కింద ఉన్నది నా మాట. నా జీవితంలో ఒక మాట అంత బరువుంటుందని ఎన్నడూ ఎరగను.

అప్పుడు ఓబులేసు ముందుకొచ్చాడు. రాతిని ముట్టలేదు. దస్తగిరి ఎదురుగా గొంతుక్కూర్చుని, మొహంలో మొహం పెట్టి, ఈనే గొర్రెతో మాట్లాడేంత మెత్తగా అన్నాడు. "మామా, నూరు మణుగులే అది. నాకు తెలుసు. ఎత్తు."

రాయి కదిలింది. ఎముకలో చప్పుడు నాకు వినిపించింది. రొమ్ము మీదికి వచ్చింది, ఒక ఊపిరి ఆగింది, భుజం మీదికెక్కింది. దస్తగిరి నిలబడ్డాడు. వెంటనే వదలలేదు. భుజాన గుండుతో జనాన్ని, మిల్లును, శెనక్కాయల పోగును, నన్ను ఒకసారి కలయజూశాడు. తర్వాత వదిలాడు.

గుమాస్తా పలక మీద సుద్దతో కూడాడు. పదకొండువందల ఏడు పౌన్లు. నలభై నాలుగు మణుగుల రెండు వీశెలు. అమెరికా వాడికంటే అయిదు పౌన్లు, అంటే వీశె పైన ఎక్కువ. నెత్తి మీదికి ఎత్తడం వేరు, భుజానికి ఎత్తడం వేరు అంటారేమో. ఒప్పుకుంటాను. కాని ఆయన ఎత్తింది పట్టుకోను వీలుగా చేసిన ఇనపకడ్డీ, ఈయన ఎత్తింది పట్టు లేని రాయి. ఆయన ఒళ్లు పన్నెండు మణుగులని పత్రికలో రాశారు. దస్తగిరిని అక్కడే కాటా మీద నిలబెట్టి చూశాం. ఏడు మణుగులు.

ఓబులేసు తలగుడ్డ మడతలు విప్పి తానే కట్టాడు. కట్టడం రాక వంకరగా కట్టాడు. దస్తగిరి దాన్ని సర్దుకోలేదు. జమ్మలమడుగు దాకా అలాగే, ఈసారి బండెక్కి, గుండు మీద చేయి వేసుకుని పడుకుని పోయాడు.

తెనాలిలో

తిరిగొచ్చి ఈ కథ మా వీధిలో చెప్పాను. నేను మొసలి మీద కూర్చుని కృష్ణ దాటిన కథ విని కాఫీలు పోయించినవాళ్లు, ఇది విని లేచి వెళ్లిపోయారు. మా ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది: "ఆయన రొమ్మునొప్పి తగ్గిందా?" నాకు తెలియదన్నాను. తెలుసుకోమంది.

గ్రంథాలయంలో వెతికితే ఆ రోజు పత్రిక ఇంకోటి దొరికింది. గ్రంథాలయం ఆయన్ను బతిమాలి ఆ ముక్క కత్తిరించుకున్నాను. మూడు ఎత్తులు, మూడు అంకెలు, కింద కూడిక, అన్నీ ఉన్నాయి. నూగులనూనె సీసా ఒకటి, ఆ కాగితం ముక్క ఒకటి జమ్మలమడుగు పత్తిమిల్లు మేస్త్రీ పేరున పంపాను. జన్మలో మొదటిసారి నా మాటకు సాక్ష్యం దొరికింది. అది చదివి అతను ఏమంటాడోనని పదిహేనురోజులు పోస్టుమాను కోసం అరుగు మీద కూర్చున్నాను.

కార్డు వచ్చింది. మిల్లు గుమాస్తా చేత రాయించినట్టున్నాడు.

"సామికి దస్తగిరి సలాములు. నూనె అందినాది. నొప్పి తగ్గినాది. గుండును చావిడి ముందర యథాప్రకారం పెట్టినాం. అది నూరు మణుగులని ఓబులేసు ఇప్పుడు అందరితో తగాదా పడతాండాడు. నువ్వు పంపిన కాగితం పెట్టెలో పెట్టినా. చదివించుకోలా. నువ్వు జెప్పినావు గదా."